మూడువందల ఆరో స్క్వాడ్రన్ శౌర్య చరిత్ర

ఫిబ్రవరి నెలలో ఒక సోమవారం పొద్దున, సోమలగట్టు వైమానిక స్థావరంలో ఉన్న మూడువందల ఆరో రవాణా స్క్వాడ్రన్‌కి తన చరిత్ర తాను రాసుకోమని ఆర్డరు వచ్చింది. తనకొక చరిత్ర ఉండాలనిగానీ, లేకపోతే ముప్పనిగానీ ఆ స్క్వాడ్రన్‌కి అప్పటిదాకా తెలియదు. యాభై ఏళ్ళుగా దానికి తెలిసిన పని ఒక్కటే. రెండు పంకాల పాత విమానాలు నాలుగున్నాయి. వాటిలో బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, మందులు ఎక్కించుకోవడం, రోడ్డు లేని కొండలోయల మీదికి వెళ్ళడం, వెనక తలుపు తెరిచి అన్నీ కిందికి తోసెయ్యడం. తోసేసి వచ్చి టీ తాగడం. మర్నాడు మళ్ళీ అదే.

ఆ తోసే పని జూనియర్ వారంటాఫీసరు బెవర తవిటయ్యది. లోడ్ మాస్టర్ అంటారు. శ్రీకాకుళం జిల్లా మనిషి, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. విమానం లోయ మీదికి రాగానే పైలట్ గంట మోగిస్తాడు. మోగిన మూడు సెకన్లలో బస్తాలు బయట ఉండాలి. నాలుగో సెకను పట్టిందంటే అవి అవతలి కొండమీద పడి కోతుల పాలవుతాయి. ఆ మూడు సెకన్ల పని తవిటయ్య కంటే బాగా చేసేవాళ్ళు లేరని స్థావరమంతా ఒప్పుకునేది. అయితే జనవరిలో మోకాలు బెణికింది. మూడు నెలలు విమానం ఎక్కొద్దన్నాడు డాక్టరు. అదే ఆయన కొంప ముంచింది.

కమాండింగ్ ఆఫీసరు వింగ్ కమాండర్ ఇందుకూరి నరసరాజు ఆయన్ని పిలిపించాడు. నరసరాజు భీమవరం వైపు మనిషి, నెమ్మదస్తుడు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలలూ ఎవరిచేతా మాట పడకుండా గడిపేసి చేపల చెరువు చూసుకోవాలని ఆయన కోరిక.

"తవిటయ్యా, నీ చేతిరాత బావుంటుంది కదా?"

"బస్తాలమీద రాస్తాను సార్. 'పైనుంచి పడును, తలలు జాగ్రత్త' అని."

"అదేనయ్యా. అదే కాస్త పొడుగ్గా రాయాలి. మనకి యాభై ఏళ్ళు నిండుతున్నాయంట. మన చరిత్ర కావాలంట."

ఆర్డరు చరిత్ర పరిష్కరణ విభాగం నుంచి వచ్చింది. దాంతోపాటు ముప్పై రెండు గడుల ఫారం ఒకటి ఉంది. చంపిన శత్రువుల సంఖ్య, కూల్చిన శత్రు విమానాలు, వేసిన బాంబులు టన్నులలో, ధ్వంసం చేసిన లక్ష్యాలు, పారాచ్యూట్ల ద్వారా దింపిన సాయుధ బలగాలు, ఇలా సాగింది. అడుగున ఒక సూచన: "ఏ గడియునూ ఖాళీగా విడువరాదు. సున్న వేయరాదు. 'వర్తించదు' అని వ్రాసినచో వర్తింపజేయబడును. శౌర్యచరిత్ర సమర్పింపజాలని యూనిట్లు, చరిత్ర లేనివిగా పరిగణింపబడి, చరిత్ర కలిగిన యూనిట్లయందు విలీనము చేయబడును."

తవిటయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. "విలీనం అంటే ఏటి సార్?"

"మన విమానాలు తుక్కుకి. మనం తలో దిక్కుకి."

"మరి గుమ్మిలోయో?"

నరసరాజు టీ కప్పులోకి చూశాడు. గుమ్మిలోయంటే కొండల మధ్య పదకొండు గూడేలు. జూలైలో ఏరు పొంగిందంటే అక్టోబరు దాకా మనిషి లోపలికి పోలేడు, బయటికి రాలేడు. ఆ నాలుగు నెలలూ వాళ్ళ తిండీ మందులూ పైనుంచి పడాల్సిందే. లోయ మూతి మరీ ఇరుకు. పెద్ద విమానాలు అందులో తిరగలేవు. మూడువందల ఆరు వాళ్ళ పాత విమానాలే తిరుగుతాయి.

"సరే రాస్తాను సార్," అన్నాడు తవిటయ్య.

ముందు భయపడ్డాడుగానీ, మొదలుపెట్టాక ఆయనకి ఆ పని మహా నచ్చింది. పాత లాగ్ పుస్తకాలు దుమ్ము దులిపి తీశాడు. యాభై ఏళ్ళలో పద్దెనిమిది వేల పైచిలుకు సార్లు విమానాలు లేచాయి. నలభై అయిదు వేల టన్నుల సామాను. అందులో బియ్యమే ముప్పై వేలు. ఇంకా రెండువందల పదమూడు మేకలు (ప్రాణాలతో, పారాచ్యూట్లకి కట్టి), ఒక హార్మోనియం, బడికి నల్లబల్లలు, కవల పిల్లల కోసం పాలడబ్బాలు. ఒక ఏడాది గూడెం పెళ్ళికి వధువు చీర వరదలో కొట్టుకుపోతే, స్క్వాడ్రన్ మొత్తం కలిసి కొని బియ్యం బస్తాలో పెట్టి పంపిన పట్టుచీర కూడా ఉంది. ఎనభై మూడులో లోయ మూతిలో మంచు కమ్మి, కొండకి గుద్దుకుని పోయిన నలుగురి పేర్లూ ఉన్నాయి. ఆ పేజీ తవిటయ్య మూడుసార్లు తిరగరాశాడు. మూడు వారాల్లో రెండువందల పేజీల నోటు పుస్తకం నిండింది.

ఏప్రిల్లో చరిత్ర పరిష్కరణ విభాగం ఉపసంచాలకులు గ్రూప్ కెప్టెన్ హయగ్రీవరావు తనిఖీకి వచ్చాడు. నలగని యూనిఫారం, జేబులో మూడు రంగుల పెన్నులు. నోటు పుస్తకం తెరిచి పదిహేను నిమిషాలు చదివి, మూసి, బల్లమీద మెల్లగా పెట్టాడు.

"ఇది చరిత్ర కాదు. కిరాణా పద్దు."

"జరిగిందే రాశాను సార్," అన్నాడు తవిటయ్య.

"జరిగినది ఎవరైనా రాస్తారు. చరిత్ర అనగా జరిగిన దానిని సముచిత శీర్షికల కిందకు తెచ్చుట." ఎర్ర పెన్ను మూత తీశాడు. "ఒకటో గడి నుంచి చూద్దాం. మీ శత్రువు ఎవరు?"

తవిటయ్య ఆలోచించాడు. "మంచే సార్. వానాకాలం లోయ మూతి మూసీస్తాది. నలుగుర్ని పొట్టన పెట్టీసుకున్నాది."

"ఏ దేశపు మంచు?"

"మనదే సార్."

"స్వదేశీ మంచు చేతిలో మరణం శౌర్యం కిందకు రాదు. అది ప్రమాదం." హయగ్రీవరావు పెన్నుతో దవడ మీద తట్టుకున్నాడు. "గాలి ఎటు నుంచి వస్తుంది?"

"సముద్రం కాసి నుంచి సార్."

"సముద్రం అవతల?"

"వేరే దేశాలుంటాయి కదేటి."

"అయితే అది విదేశీ మంచు. చొరబాటు." రాసుకున్నాడు. "నలుగురూ శత్రువుతో ముఖాముఖి తలపడి అమరులయ్యారు. తర్వాత బాంబులు."

"బాంబులు నేవు సార్. బియ్యం."

"నలభై అయిదు వేల టన్నులు ఆకాశం నుంచి జారవిడిచారా, లేదా?"

"జారవిడిచాం సార్."

"అంతవరకే రాయండి. బియ్యం అనే మాట అనవసరం. పాఠకుని ఊహకు వదలాలి. ధ్వంసం చేసిన లక్ష్యాలు?"

తవిటయ్య చెవులు వేడెక్కాయి. ఆయన బయటివాళ్ళెవరికీ చెప్పుకోని సంగతి ఒకటుంది. కానీ అడిగినవాడు గ్రూప్ కెప్టెన్. "ఒకపాలి... తొంభై ఎనిమిదిలో, ఉప్పు బస్తాలు అరసెకను లేటయిపోనాయి సార్. గుమ్మిలోయ పంచాయతీ ఆఫీసు మీద పడ్డాయి."

హయగ్రీవరావు మొదటిసారి కుర్చీలో ముందుకి వంగాడు. "భవనం?"

"పైకప్పు ఎగిరిపోనాది సార్. ఆదివారం కాబట్టి లోపల మనుషులు నేరు. మర్నాడే క్షమించమని చీటీ రాసి, కప్పుకి కొత్త రేకులు కూడా పడేశాం."

"ప్రభుత్వ భవనం! ఒకే దెబ్బతో!" ఆయన కళ్ళు మెరిశాయి. "పరిపాలనా కేంద్రంపై మెరుపుదాడి, లక్ష్యం సంపూర్ణ ధ్వంసం. క్షమాపణ తీసెయ్యండి. రేకులు కూడా."

మేకల దగ్గరికొచ్చేసరికి ఆయనకి మరీ ఉత్సాహం పుట్టింది. పారాచ్యూట్ల ద్వారా దింపిన బలగాలు, రెండువందల పదమూడు. "నష్టాలు?" అనడిగాడు.

"ఒకదానికి కాలిరిగింది సార్. ఇంక బతకదని ఊరోళ్ళు కోసుకు తినీసినారు."

హయగ్రీవరావు క్షణం కళ్ళు మూసుకుని రాశాడు: "బలగములలో ఒకరు నేలను తాకు సమయమున తీవ్రముగా గాయపడి అసువులు బాసిరి. స్థానిక ప్రజలు యావన్మందీ పాల్గొని అంతిమ సంస్కారము నిర్వహించిరి."

పట్టుచీర పేజీ, హార్మోనియం పేజీ, పాలడబ్బాల పేజీ చింపి బుట్టలో వేశాడు. విమానాలు తుక్కుకి పోకుండా ఉంటే చాలనుకుని తవిటయ్య బుట్ట వైపు చూడకుండా తర్వాతి పేజీ తిప్పాడు. ఆ రోజు సాయంత్రం హ్యాంగర్లో ఫ్లైట్ లెఫ్టినెంట్ పెరికల రూతు దొరికింది. స్క్వాడ్రన్‌లో గుమ్మిలోయ మూతిలో విమానం తిప్పడం అందరికంటే బాగా వచ్చిన పైలట్ ఆవిడే. బాపట్ల పిల్ల. చిత్తుప్రతి చదివి నేలమీద కూలబడి నవ్వింది.

"మాస్టారూ, మేకలకి వీర పతకం ఇస్తారా ఏంది?"

"నవ్వకమ్మా," అన్నాడు తవిటయ్య. "నవ్వితే మళ్ళీ తనిఖీకొచ్చీగలరు."

జూన్‌లో చరిత్ర ఆమోదం పొందింది. స్క్వాడ్రన్ విలీనం కాదు, సెప్టెంబరులో ఉత్సవం, పుస్తకావిష్కరణకి పెద్ద అతిథి వస్తున్నారని కబురొచ్చింది. అందరూ మిఠాయిలు పంచుకున్నారు. ఆ తర్వాత వారానికి మూడు లారీల్లో పుస్తకాలు దిగాయి. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, ఏడువందల పేజీలు, అయిదు వేల ప్రతులు. ఒక్కొక్కటి ఇటుకంత బరువు. హ్యాంగర్లో సగం నిండిపోయింది. పుస్తకాలతోపాటు ఒక ఆర్డరు కూడా దిగింది.

"మూడువందల ఆరవ స్క్వాడ్రను నేటివరకు జరిపిన గగనయానములు 18,206 అని గ్రంథము చివరి వాక్యమున పేర్కొనబడినది. ఇకపై నమోదగు ఏ గగనయానమైనను ఆ సంఖ్యను అసత్యము చేయును. కావున గ్రంథపు ద్వితీయ ముద్రణ వరకు నమోదగు గగనయానములు నిలుపుదల చేయనైనది. ద్వితీయ ముద్రణ వజ్రోత్సవ సందర్భమున, అనగా మరి పదేండ్లకు, వెలువడును."

నరసరాజు అది చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. తర్వాత మర్యాదగా జాబు రాశాడు: జూలై వస్తోంది, లోయకి సామాను వెయ్యాలి, ఏం చేయమంటారు? జవాబు పది రోజులకి వచ్చింది. "ఎగురుటకు అభ్యంతరము లేదు. సంఖ్య మారరాదు." పక్క స్క్వాడ్రన్ల వాళ్ళేం చేస్తున్నారని అడిగితే వాళ్ళ చరిత్రలు కూడా అచ్చులో ఉన్నాయి.

అలా యాభై ఏళ్ళలో మొదటిసారి మూడువందల ఆరు నేలమీద కూర్చుంది. రోజూ పొద్దున పైలట్లు విమానాలెక్కి బెల్టులు కట్టుకునేవాళ్ళు. ఇంజన్లు తిప్పి, ఇరవై నిమిషాలు అక్కడే ఊగి, ఆపి దిగేవాళ్ళు. ప్యాకింగ్‌కి గడ్డి, గోనెలు పంపమని తవిటయ్య రాస్తే, "ఎగరని యూనిట్లకు ప్యాకింగు అవసరము కనబడదు" అని తిరిగొచ్చింది. ఆయన మోకాలు నయమైపోయింది. ఖాళీ విమానంలో తలుపు దగ్గర నిలబడి, లేని బస్తాలు తోసి చూసుకునేవాడు.

"నేను గాల్లోకి లేచి నలభై రోజులైంది మాస్టారూ," అంది రూతు. "ఇప్పుడు నాకు డాబా మెట్లు దిగాలన్నా బెరుగ్గా ఉంటంది."

ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున తొమ్మిది గంటలకి వైర్‌లెస్ సెట్టు మోగింది. గుమ్మిలోయలో నర్సు పాంగి జమున. ఎనిమిదేళ్ళుగా తవిటయ్యకి ఆ గొంతు తెలుసు. మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"తవిటయ్యన్నా, ఈ ఏడు రారేంటి? వరద నీళ్ళు బావిలో కలిశాయి. వాంతులు, విరేచనాలు. అరవై ఒక్కమంది పడున్నారు బడిలో. అందులో పిల్లలు ఇరవై నలుగురు. సెలైన్ సీసాలు పదకొండే ఉన్నాయి."

"బియ్యమో?"

"గంజికి కూడా లేవన్నా. రేపు సాయంత్రం దాకా లాక్కొస్తాను. తర్వాత నా చేతిలో ఏం లేదు."

తవిటయ్య సెట్టు వదిలి కమాండర్ గదికి పరుగెత్తాడు. నరసరాజు విని వెంటనే హయగ్రీవరావుకి ఫోన్ చేశాడు. గదిలో తవిటయ్య, రూతు నిలబడి ఉన్నారు. ఫోన్లో అవతలి గొంతు వాళ్ళకీ వినిపిస్తూనే ఉంది.

"మానవీయ కోణం నాకు బోధపడింది నరసరాజుగారూ. అక్కడ ఎందరున్నారన్నారు?"

"అరవై ఒక్కమందండి."

"ఇక్కడ అయిదు వేల ప్రతులున్నాయి. ఒక్కసారి విమానం లేచిందంటే అయిదు వేలూ తప్పవుతాయి. అతిథి ప్రసంగం కూడా అచ్చయింది, అందులోనూ ఇదే సంఖ్య. మీరు సమతుల్యంగా ఆలోచించాలి."

"సార్, పిల్లలండి..."

"వారి పట్ల విభాగం యొక్క ప్రగాఢ సానుభూతిని నమోదు చేస్తాను. సానుభూతికి నమోదు అడ్డంకి లేదు." ఫోన్ పెట్టేశాడు.

నరసరాజు రిసీవరు కింద పెట్టాడు. తవిటయ్య బల్లమీది ఆర్డరు కాగితం తీసుకున్నాడు. ఆయన బస్తాలమీద రాసే మనిషి. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఉప్పు బస్తా మందుల బస్తా అయిపోతుందని తెలిసినవాడు. అందుకే ఏ కాగితమైనా మాటమాటా పట్టి చదువుతాడు.

"సార్, ఇందులో ఎగరొద్దని నేదు," అన్నాడు. "'నమోదగు గగనయానములు నిలుపుదల' అని ఉన్నాది. నమోదవకూడదు, అంతే."

"అంటే?" అంది రూతు.

"నమోదు చెయ్యకుండా ఎగిరితే ఆర్డరు మీరినట్టు కాదు కదమ్మా."

నరసరాజు కిటికీలోంచి చూశాడు. ఆయన కళ్ళముందు భీమవరం చేపల చెరువు, దాని గట్టుమీద కొబ్బరిచెట్టు కింద మడత మంచం కనిపించి ఉండాలి. మనిషి ఒక నిట్టూర్పు విడిచి లేచాడు.

"లాగ్ పుస్తకాలన్నీ నా బీరువాలో పెట్టి తాళం వెయ్యి తవిటయ్యా. రూతమ్మా, కో పైలట్‌గా నేనొస్తాను. ఎగిరినట్టు సాక్ష్యం చెప్పేవాడు నేల మీద ఎవడూ మిగలకూడదు."

ఆస్పత్రి స్టోరు నుంచి మూడువందల సెలైన్ సీసాలు వచ్చాయి. అన్నీ గాజువి. బియ్యం బస్తాలు ఎలా పడినా ఫరవాలేదు. గాజు సీసాల చుట్టూ మాత్రం మెత్తగా ఏదైనా కుక్కాలి. గడ్డి లేదు, గోనెలు లేవు, దూది లేదు. తవిటయ్య హ్యాంగరంతా చూశాడు. ఎటు చూసినా ఎర్ర అట్టలే.

ఒక పుస్తకం తీసి మధ్యకి విరిచి చూశాడు. కాగితం ఖరీదైనది, స్పాంజిలా మెత్తగా అణిగింది. మెరుపుదాడి అధ్యాయం చింపి ఉండలు చుట్టి సీసాల మధ్య కుక్కాడు. పెట్టె అడుగున, నాలుగు పక్కలా విరవని పుస్తకాలు పేర్చాడు. పెట్టె ఎత్తి నడుమెత్తు నుంచి కింద పడేసి చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు.

"ఇరవై ఆరేళ్ళలో ఇంత మంచి ప్యాకింగు సామాను పంపలేదు వీళ్ళు," అన్నాడు.

పదిన్నరకి విమానం లేచింది. లేచిన నిమిషమే తవిటయ్య గుండెలోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. నలభై నిమిషాల్లో గుమ్మిలోయ దగ్గరికొచ్చారు. లోయ మూతి కనిపించలేదు. తెల్లటి మంచు గోడలా నిలబడి ఉంది. రూతు ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు తిప్పింది. వెనక తలుపు తెరిచి ఉంది. నడుముకి తాడు కట్టుకుని తవిటయ్య పెట్టెల వెనక కూర్చున్నాడు. ఆ నలుగురి పేర్లు వరసగా ఆయన నోట్లో ఆడాయి.

"మాస్టారూ, ఎడంపక్క కాస్త విచ్చింది," రూతు గొంతు చెవిలో వినిపించింది. "ఒక్కసారే దూరగలను. రెండోసారి అడగొద్దు."

"ఒక్కసారి సాలమ్మా."

విమానం ఒరిగి మంచులోకి దూరింది. రెండువైపులా కొండ బండలు చెయ్యి చాపితే అందేటట్టు పరుగెత్తాయి. అంతలో కింద పచ్చగా లోయ తెరుచుకుంది. గంట మోగింది. బియ్యం బస్తాలు జారిపోయాయి. మొదటి రెండు పెట్టెలు పోయాయి. మూడోది గుమ్మం దగ్గర అడ్డం తిరిగి ఇరుక్కుంది. ఒక సెకను. తవిటయ్య భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. రెండో సెకను. ఆయన నేలమీద వెల్లకిలా పడి, బెణికిన కాలూ బాగున్న కాలూ అని చూసుకోకుండా రెండు కాళ్ళతో ఒక్క తన్ను తన్నాడు. మోకాలు పటుక్కుమంది. పెట్టె పోయింది.

పడుకునే తల తిప్పి చూశాడు. బడి మైదానం మీద పారాచ్యూట్లు తెల్లగా విచ్చుకుంటున్నాయి. చీమలంత మనుషులు పరుగెత్తుతున్నారు.

అరగంట తర్వాత వైర్‌లెస్‌లో జమున ఏడుస్తూ నవ్వుతోంది. "రెండు సీసాలే పగిలాయన్నా! రెండే! అన్నా, ఈ కాగితాలేంటి? పెట్టె నిండా ఏదో యుద్ధం గురించుంది!"

"అది ప్యాకింగమ్మా. పట్టించుకోకు. సెలైన్ ఎక్కించు."

నాలుగు రోజుల్లో అరవై ఒక్కమందీ లేచి కూర్చున్నారు. పదో రోజుకి ఏరు కాస్త తీసింది. నడుముకి తాళ్ళు కట్టుకుని ఒక పత్రికాయన ఎలాగో లోపలికి పోయి ఫొటో తీసుకొచ్చాడు. గుమ్మిలోయ బడి అరుగుమీద పాతికమంది ఎర్ర అట్టల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలావిడ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఫొటో పేపర్లో వచ్చిన మర్నాడే హయగ్రీవరావు కారు సోమలగట్టు గేటు దాటింది.

కమాండర్ గదిలో విచారణ జరిగింది. తవిటయ్య మోకాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు, ఆయన పక్కనే రూతు నిలబడింది. హయగ్రీవరావు పేపరు బల్లమీద పరిచి, ఎర్ర పెన్నుతో ఫొటో చుట్టూ గీత గీశాడు.

"ఆ పుస్తకాలు అక్కడికెలా చేరాయి? విమానం లేచిందా, లేదా? స్పష్టంగా చెప్పండి, నేను రాసుకుంటాను."

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ గొంతులో చేపల చెరువు ఛాయలు లేవు. "లేచిందని రాస్తారా సార్? రాసుకోండి. రాస్తే పద్దెనిమిది వేల రెండువందల ఏడు అవుద్ది."

హయగ్రీవరావు పెన్ను గాలిలో ఆగింది. ఆగిన పెన్ను చివర ఆయనకి అయిదు వేల ప్రతులు, అతిథి ప్రసంగం, దాని కింద తన సంతకం కనిపించాయి కాబోలు. పెన్ను మూత పెట్టాడు.

"లేవలేదు," అన్నాడు.

"చిత్తం. లేవలేదు సార్."

"మరి పుస్తకాలు?"

అందరూ తవిటయ్య వైపు చూశారు. తవిటయ్యకి అబద్ధం ఆడటం చేతకాదు. "అవి నేకపోతే ఆ పిల్లలు బతికీవోరు కాదు సార్," అన్నాడు. "ఆ పూట మాకు వాటికంటే పనికొచ్చీ వస్తువు హ్యాంగర్లో ఇంకోటి కనపళ్ళేదు. రాసినోణ్ణి కదా, నాకూ అప్పుడే తెలిసింది వాటి విలువ."

హయగ్రీవరావు ఆయన్ని తేరిపార చూశాడు. మెల్లగా ఆ ముఖంలో వెలుగు పరుచుకుంది. ఆకుపచ్చ పెన్ను తీశాడు. "'చరిత్ర గ్రంథము లేనిదే ప్రజలు మనజాలని పరిస్థితి.' ఇవి మీ మాటలేనా?"

"ఇంచుమించు అవే సార్."

"'మారుమూల లోయలో సైతం నిరక్షరాస్యులు అక్కున చేర్చుకున్న గ్రంథము.' పై అధికారులకు ఇది తెలియాలి." ఫొటో కత్తిరించి జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రూతు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

వారం తిరక్కుండా కొత్త ఆర్డరు వచ్చింది. దాని పేరు "మారుమూల ప్రాంత చరిత్ర వితరణ పథకము". నరసరాజు అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాడు.

"శౌర్యచరిత్ర పట్ల గుమ్మిలోయ ప్రజలు కనబరచిన అపూర్వ ఆదరణ దృష్ట్యా, ప్రతి మంగళ, శుక్రవారములయందు ఆ లోయకు గ్రంథ వితరణ జరుపవలెను. వితరణను గగనయానముగా పరిగణింపరాదు, నమోదు చేయరాదు. గ్రంథములు తడవకుండ, నలగకుండ, తగినంత మెత్తని పదార్థముతో ప్యాకింగు చేయుట లోడ్ మాస్టరు బాధ్యత."

తవిటయ్య చెయ్యెత్తాడు. "తగినంత అంటే ఎంత సార్?"

నరసరాజు కాగితం వెనకా ముందూ తిప్పి చూశాడు. "రాయలేదయ్యా. విమానం పట్టినంత అనుకో."

"మెత్తని పదార్థమంటే బియ్యం పనికొస్తాది కదా?"

"బియ్యం బ్రహ్మాండంగా పనికొస్తుంది. పప్పు కూడా."

శుక్రవారం పొద్దున విమానం సిద్ధమైంది. మోకాలి కట్టుతోనే తవిటయ్య నిచ్చెనెక్కాడు. డాక్టరు వద్దన్నది గగనయానం, ఇది వితరణ కదా అని ఆయన వాదన. రెండున్నర టన్నుల బియ్యం, పప్పు, ఉప్పు, మందులు, రెండు మేకలు. వాటి నడుమ, నలగడానికి ఎటునుంచీ వీల్లేకుండా, ఒకే ఒక్క ఎర్ర అట్ట పుస్తకం.

మంచు లేదు. లోయ మూతి బార్లా తెరిచి ఉంది. గంట మోగిన మూడో సెకనుకి తలుపు ముందు మేకలతో సహా ఏమీ మిగల్లేదు. తవిటయ్య వైర్‌లెస్ అందుకున్నాడు.

"జమునమ్మా, వితరణ అందినాదా?"

"అందిందన్నా. అంతా బావుంది. ఒక్క మాట, ఏమీ అనుకోకు."

"సెప్పమ్మా."

"మళ్ళీసారి పుస్తకం లేకపోయినా ఫరవాలేదు. ప్యాకింగే ఇంకో బస్తా ఎక్కువ పంపన్నా."